నూట ఎనభై నంబరు జల్లెడ

ఆ నల్ల తెర అమ్మెయ్యమని ఇప్పటికి ముగ్గురు అడిగారు. ఒకాయన విశాఖపట్నంలో పాత యంత్రాలు పోగుచేసే డాక్టరు. ఒకతను సినిమా షూటింగులకు సామాను అద్దెకిచ్చేవాడు. మూడో మనిషి కాలేజీ అమ్మాయి. అమ్మకపోతే ఫొటో అయినా తీసుకోనివ్వమంది. ముగ్గురికీ ఒకే జవాబు చెప్పాను. నలభై ఏళ్లుగా సరుకు అమ్ముతున్నాను, ఏది అమ్మకూడదో తెలియడానికే అందులో ముప్ఫై ఏళ్లు పట్టింది అన్నాను.

ఇప్పుడలాంటివి ఎవరూ వాడటం లేదట. నోటితో అడిగితే గోడ జవాబు చెప్పే రోజులు. నా దగ్గరున్నది ఒక పాత తెర, అక్షరాలు అరిగిపోయిన ఒక కీబోర్డు, ఎర్ర ఊలుతో అల్లినట్టు కనిపించే ఒక టోపీ. స్విచ్చి వేస్తే నలుపు మీద ఆకుపచ్చ గీత ఒకటి మేల్కొని మిణుకుమిణుకుమంటూ నిలబడుతుంది. బొమ్మ లేదు, పాట లేదు. పొద్దున్నే కొట్టు తెరవగానే గుమ్మంలో నిలబడిన మొదటి మనిషిని మనం చూస్తామే, ఏం కావాలో చెప్పు అన్నట్టు, అలా చూస్తుంది. మా మేనకోడలు దాన్ని టెర్మినల్ అనేది. నేను మాత్రం నల్ల తెర అనే అన్నాను.

నా పేరు తంగుడు జోగారావు. పలాసలో జీడిపప్పు వ్యాపారం. జీడిపిక్క పగలగొడితే మూడు రకాలు వస్తాయి. చెక్కుచెదరని పలుకు గుండు. రెండుగా విడిపోతే బద్ద. చితికిపోతే నూక. గుండ్లలో మళ్లీ నంబర్లుంటాయి. పౌనుకు నూట ఎనభై పలుకులే తూగితే అది నూట ఎనభై నంబరు, అన్నిటికన్నా పెద్దది. నంబరు పెరిగేకొద్దీ పలుకు చిన్నదవుతుంది. చుట్టాలను, స్నేహితులను, గడిచిపోయిన ఏళ్లను కూడా నేను ఈ లెక్కలోనే చూసేవాణ్ణి. ఆ లెక్క ఎక్కడ తప్పిందో చెప్పడానికే ఇదంతా.

మా ఆవిడ మాణిక్యానికి యాభై రెండో ఏట మెదడువాపు జ్వరం వచ్చింది. ఇరవై రెండు రోజులకు ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చింది. అన్నం కలుపుకుంటుంది, జడ వేసుకుంటుంది, పేపరు చదువుతుంది. కానీ వెనకటిది ఏదీ దానంతటది గుర్తు రాదు. నేను భర్తనని చెబితే తలూపింది. నన్ను ఏమని పిలవాలో తెలియక, కావలసి వస్తే దగ్గరకు వచ్చి నిలబడేది. అంతే.

జ్ఞాపకాలు చెరిగిపోలేదనీ, వాటి దగ్గరకు వెళ్లే దారి పూడిపోయిందనీ డాక్టర్లు చెప్పారు. గోదాం నిండా సరుకుంది, తాళంచెవి పోయింది. నాకు అర్థమైంది అదే.

ఆ తాళంచెవి చేసింది మా చెల్లెలి కూతురు యామిని. విశాఖపట్నంలో జ్ఞాపకశక్తి మీద పనిచేసే ఒక పరిశోధనశాలలో ఉండేది. చిన్నప్పుడు మా గ్రేడింగు షెడ్డులో ఆడవాళ్ల మధ్య కూర్చుని పలుకులు ఏరిన పిల్ల. అనుమతులన్నీ తెచ్చుకుని, ఒక ఆదివారం వ్యానులో సామాను వేసుకుని దిగింది. మా మేడ మీద ముందుగదిలో బల్ల వేసి, తెర పెట్టి, మాణిక్యం తలకు టోపీ తొడిగింది.

"అత్తా, బిగుతుగా ఉందా?"

"లేదు. వెచ్చగా ఉంది."

"మావయ్యా, కూర్చో. టైపు నువ్వే చెయ్యాల."

"నేనా? నాకు ఒక్క వేలే ఆడుతుంది."

"ఒక్కటి చాల్లే. రెండే మాటలు నేర్పించాను దీనికి. 'వెతుకు' అని కొట్టి, పక్కన ఏం కావాలో కొట్టు. దొరికాక 'తెరువు' అని ఆ వరస నంబరు కొట్టు. అంతే."

ఏది ముందు వెతకాలి? మా పెళ్లి. ఒక్కొక్క అక్షరం గాలించి గాలించి కొట్టాను. తెర మీద జవాబు వచ్చింది: ఆ మాట తెలియదు.

"ఏటే ఇది? మా గుమస్తా కూడా ఇంత పొగరుగా మాటాడ్డు!"

యామిని వంగి చూసి పకపకా నవ్వింది. "'వెతకు' అని కొట్టీసావు. 'వెతుకు' మావయ్యా. ఒక్క గుర్తు తేడా వచ్చినా ఊరుకోదు."

సరిచేసి మళ్లీ కొట్టాను. టోపీ సన్నగా తుమ్మెదలా మోగింది. కింద నుంచి ఒక్కొక్క వరసే పైకి పాకడం మొదలుపెట్టింది. ప్రతి వరసకూ ఒక నంబరు, నాలుగైదు మాటలు. జ్ఞాపకాన్ని తట్టినప్పుడు అందులో ముందుగా పలికిన మాటలు ఏరి యంత్రం వేసే చీటీ అది.

ఎర్ర గాజు. నూతి గట్టు. పగిలింది.

ఆయన. దగ్గు. మిరియాల పాలు.

పోలమ్మ. ఎండ. తల దువ్వడం.

"పెళ్లి అడిగితే గాజులూ దగ్గులూ ఏటి?"

"అది మొదటి నుంచి అన్నిటినీ తట్టుకుంటూ వస్తుంది మావయ్యా. పెళ్లి తగిలితే పక్కన చుక్క పెడుతుంది. నలభై ఒక్క వేల చిల్లర ఉన్నాయి. మూడు గంటలు పడుతుంది."

మూడు గంటలు! మధ్యాహ్నం భోజనాలయ్యాక మొదలుపెడితే దీపాలు పెట్టే వేళకు ఒక్క వెతుకులాట పూర్తయ్యేది. మాణిక్యం కుర్చీలో వెనక్కి వాలి తెరను చూస్తూ ఉండేది. వరసలు చినుకుల్లా కదిలిపోతూ ఉంటే మధ్యలో హఠాత్తుగా చెయ్యెత్తేది. "ఆగండి. అది." నేను ఆపి, ఆ నంబరు తెరిచేవాణ్ణి. అప్పుడు ఆమె కళ్లు మారేవి.

మొదటి రోజు అలా ఆపిన వరస నాకిప్పటికీ నంబరుతో సహా గుర్తుంది. ఇరవై మూడు వేల నూట పదిహేడు. *పనసగింజలు. ఉప్పు. ఆయన జేబు.*

తెరిచాను. కొంచెంసేపు ఏమీ లేదు. తరవాత పెదవి ఒక మూల వంకర తిరిగింది.

"ఉడకబెట్టిన పనసగింజలు. వేడివేడివి. మీ అమ్మగారికి తెలీకండా జేబులో పోసుకొచ్చీసారు నాకోసం. చొక్కా అంతా తడిసిపోయి, ఉప్పునీళ్లు కారతన్నాయి. వీధిలో అందరూ చూస్తన్నారు. మీరేమో ఏటీ ఎరగనట్టు..."

నవ్వలేక చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. జ్వరం తరవాత అదే మొదటి నవ్వు. నాకా సంగతి అసలు గుర్తే లేదు. ఇప్పటికీ లేదు. ఆమె చెప్పింది కాబట్టి జరిగిందని నమ్మాను.

ఇలా రెండు వారాలు నడిచాక ఒక పొద్దున్న కొట్టుకు బయల్దేరుతుంటే వంటింట్లోంచి వినబడింది: "ఇదిగో, ఇంటన్నారా! ఆ గొడుగు తీసుకెళ్లండి."

ముప్ఫై ఏళ్లు నన్ను అలాగే పిలిచింది. పేరు పెట్టి పిలవదు, ఏమండీ అనదు. వింటున్నారా అనేదాన్ని మా వైపు యాసలో ఇంటన్నారా అంటుంది, అంతే. ఆ మాట ఏ వరసలోనూ మేము వెతకలేదు, తెరవలేదు. దానంతటదే వచ్చింది. నేను గొడుగు తీసుకుని వెళ్లిపోయాను. పెద్ద సంగతనుకోలేదు. నా లెక్కలో అది నూక.

మార్చి వచ్చింది. తోటల నుంచి పిక్కలు దిగే రోజులు. షెడ్డులో నేను లేకపోతే తడి పిక్కా పొడి పిక్కా కలిపేస్తారు. రోజూ మధ్యాహ్నం మూడు గంటలు తెర ముందు కూర్చోవడం నాకు భారమైంది. మూడు గంటలు కూర్చుంటే పెళ్లి ఒక్కసారి తగులుతుంది, నూతిలో బకెట్టు మూడు వందల సార్లు తగులుతుంది. యామినికి ఫోను చేశాను.

"అమ్మా, ఇది ఏరని సరుకు. గుండూ నూకా కలిపి గోనెలోంచి కుమ్మరించినట్టుంది. మనిషి దీని ముందు హాయిగా కూర్చునేలా ఏదైనా చెయ్యలేవా?"

ఆ పిల్ల ఎగిరి గంతేసింది. ఆ మాట ఎవరైనా అడుగుతారా అని ఎదురు చూస్తున్నట్టుంది. "కమాండు పనిచేస్తే సరిపోదు మావయ్యా, చేతికి ఇంపుగా ఉండాల. మా లేబులో ఎవరికీ అది పట్టదు" అంది. ఆ నెల ప్రతి శనివారం దిగేది. వంటింటి గుమ్మంలో గోడకానుకుని, ఒళ్లో కంప్యూటరు పెట్టుకుని, అత్త వేసిన పెసరట్టు ఒక చేత్తో తింటూ, రెండో చేత్తో టకటకలాడించేది.

ఒక్కొక్క వారం ఒక్కొక్క పనిముట్టు వచ్చింది. ముందు తప్పొప్పుల బాధ పోయింది. 'వెతకు' అన్నా 'వెదుకు' అన్నా అర్థం చేసుకునేది. తరవాత రంగులొచ్చాయి. పండగలు పసుపు, పురుళ్లు గులాబి, చావులు బూడిద. ఇంకో వారం తెర రెండు కిటికీలుగా విడింది. ఎడమ పక్క వరస మీద నిలబడితే కుడి పక్క అందులో ఏముందో రెండు ముక్కల్లో కనిపించేది, తెరవక్కర్లేకుండానే. రోజూ కొట్టే మాటలకు పొట్టి పేర్లు పెట్టింది. 'పె' అని నేను వేలు పెట్టేసరికి మిగతాది బూడిదరంగులో తనే రాసి అందించేది. ఎదురు చెప్పే గుమస్తా పోయి, మనసు తెలిసిన గుమస్తా వచ్చాడు.

అన్నిటికన్నా నాకు నచ్చింది వేగం. చీటీలన్నీ యంత్రం తన దగ్గరే ఒక జాబితాగా దాచుకుంది. వెతికినప్పుడల్లా టోపీ మోగక్కర్లేదు. కళ్లు మూసి తెరిచేలోగా పెళ్లి.

చివరిది జల్లెడ. దాని సంగతి మా గ్రేడింగు షెడ్డులోనే తేలింది. ముప్ఫై మంది ఆడవాళ్లు చేటలు ముందేసుకుని పలుకులు ఏరుతున్నారు. వాళ్లకు పెద్ద పోలమ్మ. కంటితో చూసి నంబరు చెప్పగలదు. యామిని ఆమె పక్కన చతికిలబడి, నన్ను పిలిచింది.

"మావయ్యా, తట్టినప్పుడు అత్త మనసు ఎంత గట్టిగా కదులుతుందో టోపీ కొలుస్తుంది. ఆ కొలత ఇక్కడ మీ నంబర్లకి సరిపెట్టాను. జల్లెడకి ఎంత కన్నం పెట్టమంటావు?"

"నూట ఎనభై."

"అంత పెద్ద కన్నమైతే చాలా కిందికి పోతాయి మరి."

"పోనీ. గుండ్లు మిగిల్తే చాలు. నూకతో నాకేటి పని?"

పోలమ్మ చేట ఆపి చూసింది. "నూకతో పని లేదేటి బాబూ? మిఠాయి కొట్టోలందరూ మన నూకే కదా కొంటారు. గుండు పెళ్లిల్లకీ పేరంటాలకీ. రోజూ బతుకు నడిపీది నూకే."

"నీకెందుకే, నీ చేట చూసుకో" అన్నాను.

నలభై ఒక్క వేల మూడు వందల ఎనభై ఆరు వరసలు జల్లెడలో పోస్తే పైన ఆరు వందల పన్నెండు మిగిలాయి.

ఆ తరవాత ఆరు నెలలు మా ఇల్లు వెలిగిపోయింది. పావుగంట కూర్చుంటే చాలు. మా పెళ్లిలో కరెంటు పోయి పెట్రోమాక్సు లైట్ల వెలుగులో తలంబ్రాలు పోసుకోవడం, మొదటి కొట్టు తెరిచిన రోజు, తుఫానుకు జీడితోటలన్నీ వేళ్లతో లేచిపోయాక షెడ్డు ముందు కూలివాళ్లందరికీ తను వంట చేయించిన వారం, అన్నీ రంగుల్లో వచ్చేవి. మాణిక్యం చెబుతుంటే చుట్టాలు చుట్టూ కూర్చుని వినేవారు. మాట తడబడేది కాదు. ఒకసారి చెప్పింది రెండోసారి అదే మాటల్లో చెప్పేది. నాకు గర్వంగా ఉండేది.

గమనించాల్సినవి గమనించలేదు. పనిచేస్తూ కూనిరాగం తీయడం మానేసింది. పోపులో ఇంగువ వేయడం మానేసింది, అడిగితే "మన ఇంట్లో వేస్తామా?" అంది. పెద్దవాళ్ల ఇంటికి వచ్చిన కొత్త కోడలిలా గిన్నెలు చప్పుడు కాకుండా పెట్టేది. జ్వరం బలహీనత అనుకున్నాను.

ఒకరోజు పోలమ్మ మేడ మెట్లు ఎక్కి వచ్చి, కిందికి దిగి, సరాసరి నా గల్లా దగ్గరకు వచ్చి నిలబడింది. ఎప్పుడూ గట్టిగా మాట్లాడే మనిషి గొంతు తగ్గించింది.

"బాబూ, అమ్మ నన్ను మీరు అన్నాది."

"మర్యాదిస్తే తప్పేటే?"

"'కూకోండి, మంచినీల్లు తాగుతారా' అన్నాది. ముప్పయ్యేల్లు నా తల దువ్వి, నా నోట్లో ఆకూ ఒక్కా ఎట్టిన మనిసి. నన్ను తిట్టకండా ఒక్క రోజు అన్నం తిన్నాదా? నానెవులో ఆయమ్మకి తెల్దు బాబూ. తెలిసినట్టు నవ్వుతాంది, అంతే."

నవ్వేసి పంపించాను. కానీ మనసు ఊరుకోలేదు. మేడ ఎక్కాను. మాణిక్యం వరండాలో బియ్యం ఏరుతోంది. నన్ను చూసి గబుక్కున లేచి నిలబడింది. చెంగు సర్దుకుంది.

"షావుకారు గారూ, కాఫీ తాగుతారా?"

హాస్యమాడుతోందేమో అని మొహం చూశాను. లేదు. ఎంతో మర్యాదగా, నా జవాబు కోసం నిలబడి ఉంది.

"నన్నేమన్నావ్?"

"అందరూ అలాగే కదా పిలుస్తారు? పెళ్లిలో కూడా అంతే. కొట్టు తెరిచిన రోజు కూడా." ఆమె గొంతులో భయం కనిపించింది. "తప్పా?"

తప్పు కాదు. మిగిలిన ఆరు వందల పన్నెండింటిలోనూ నలుగురూ నన్ను పిలిచే పేరు అదే. పెళ్లి పందిట్లో, పదిమంది ముందు, ఏ పెళ్లాం 'ఇంటన్నారా' అంటుంది? ఆ మాట నూతి గట్టు దగ్గరా, పొయ్యి దగ్గరా, గొడుగు మరిచిపోయినప్పుడూ పుట్టేది.

వెంటనే తెర ముందు కూర్చోబెట్టాను. జల్లెడ తీసేశాను. నంబరు నాకు తెలుసు. తెరువు, ఇరవై మూడు వేల నూట పదిహేడు.

టోపీ మోగింది. మాణిక్యం కళ్లు మూసుకుంది. చాలాసేపు చూశాను.

"ఏటీ లేదండి."

ఎర్ర గాజు. లేదు. మిరియాల పాలు. లేదు. పోలమ్మ, ఎండ. లేదు. పరదేశం పంపే డబ్బాలు గోదాంలో వరసగా పేర్చి ఉన్నాయి, మీద చీటీలు అంటించి ఉన్నాయి, మూత తీస్తే లోపల పలుకు లేదు.

యామిని ఆ సాయంత్రం బండికే వచ్చింది. జాబితాను పక్కన పెట్టి, మొదటి రోజుల్లోలాగే టోపీతో ఒక్కొక్క జ్ఞాపకాన్నీ తట్టించింది. జవాబిచ్చినవి తొమ్మిది వేల రెండు వందల డెబ్భై.

చాలాసేపు ఏవో పట్టీలు పక్కపక్కన పెట్టి చూసుకుంది. మర్నాడు పొద్దున్న నన్ను పిలిచి రెండు గుంపులు చూపించింది. ఒకటి, కుడిపక్క కిటికీలో రంగులు పరీక్షించడానికి తను మళ్లీ మళ్లీ తట్టించిన వరసలు. మేమెప్పుడూ వాటిని తెరవలేదు. దాదాపు అన్నీ బతికే ఉన్నాయి. రెండోది, జాబితా వచ్చాక టోపీ ఒక్కసారీ తట్టనివి. దాదాపు అన్నీ పోయాయి.

"తెరవక్కర్లేదు మావయ్యా. ఊరికే తట్టుకుంటూ పోతే చాలు, అది బతికేది. మనకి రోజంతా ఏదో ఒకటి తగుల్తూనే ఉంటుంది. ఒక వాసన, ఒక మాట. దాని పక్కదీ, దాని పక్కదీ కదుల్తాయి. అత్తకి ఆ దారులన్నీ మూసుకుపోయాయి కదా. ఈ తెర ఒక్కటే వీధి. మొదట్లో మూడు గంటలు పట్టేది, నువ్వు విసుక్కునేవాడివి. ఆ మూడు గంటలూ అన్నిటి ముందు నుంచీ నడిచి, అన్నిటినీ పలకరించి వచ్చేది. నేను..." ఆగింది. "నేను దగ్గర దారి వేశాను."

"అడిగింది నేను."

"చేసింది నేను మావయ్యా. ఎంత ముద్దుగా చేశానో! రంగులు ఏవి బావుంటాయా అని రెండు రోజులు ఆలోచించాను."

"సరుకు ఎలా కావాలో చెప్పింది కొన్నవాడు. కన్నం ఎంత పెట్టాలని నువ్వు అడిగావు. పెద్ద కన్నమైతే పోతాయని కూడా అన్నావు. నూట ఎనభై అన్నది ఎవరు? ఈ లెక్కలో నీ వాటా ఏమీ లేదు, లే."

ఉంది, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. కానీ ఇరవై ఆరేళ్ల పిల్ల నెత్తిన ఆ మూట పెట్టి పంపలేను.

మాణిక్యం కుర్చీలో కూర్చుని ఇదంతా వింటోందని మాకు తట్టలేదు. టోపీ తనే తీసి ఒళ్లో పెట్టుకుంది.

"ఎందుకేడుస్తన్నారు మీరిద్దరూ?"

నేను కండువాతో కళ్లు తుడుచుకున్నాను.

"పోయినవేవో నాకు తెలీవు. తెలీనిదానికి నాకు ఏడుపు రాదు. మీకొస్తంది. అంటే అవి మీకు తెలుసన్నమాట." తెర వైపు చూపించింది. "చీటీలున్నాయి కదా? చదవండి, ఇంటాను."

ఆ మధ్యాహ్నం యామిని తను చేసిన పనిముట్లన్నీ తీసేసింది. రంగులు, కిటికీ, పొట్టి పేర్లు, అందించే గుమస్తా, జల్లెడ. అన్నీ తీసెయ్యడానికి ఒక్క వరసే కొట్టింది. తెర మళ్లీ మొదటి రోజులా నల్లగా, ఆకుపచ్చ గీతతో మిగిలింది. లేబుకు పంపే నివేదికలో జరిగింది జరిగినట్టు రాసింది. వేగం చూసి మెచ్చుకున్న పెద్దలు ఆ పేజీ చూసి మెచ్చుకోలేదట. తరవాత చేసిన యంత్రాలన్నీ రోజుకొకసారి నెమ్మదిగా, అన్ని జ్ఞాపకాల ముందు నుంచీ నడిచేలా కట్టారని విన్నాను. మాకు అది ఆలస్యంగా వచ్చిన సరుకు.

చీటీల జాబితా మాత్రం తీయనివ్వలేదు. రోజూ మూడింటికి టోపీ మోగుతుంది, బతికున్నవాటినీ పోయినవాటినీ ఒక్కొక్కటే తట్టుకుంటూ పోతుంది. అది అయ్యాక పోయినవాటి చీటీలు నేను చదువుతాను. నాకు తెలిసినవి చెబుతాను. నాకు తెలియనివి కూడా చాలా ఉన్నాయి. ఎర్ర గాజు ఎలా పగిలిందో ఈ లోకంలో ఇంక ఎవరికీ తెలియదు. అలాంటివి వచ్చినప్పుడు ఆ చీటీ రెండుసార్లు చదివి, తరవాతి దానికి పోతాం. ముప్ఫై రెండు వేల ఖాళీ డబ్బాలు. రోజుకు ఇరవై చదివినా ఎంత కాలం పడుతుందో లెక్క వేశాను. వేసి, ఆ కాగితం చింపేశాను.

పోలమ్మ కూడా వచ్చి కూర్చునేది. తన పేరున్న చీటీ వస్తే చాలు, ఉన్నదీ లేనిదీ కలిపి చెప్పేది. "అమ్మా, ఆ దినం నువ్వు నన్ను కర్రట్టుకుని తరిమినావు" అనేది. "అబద్ధం!" అనేది మాణిక్యం. "నీకు తెల్దు కదా, నానేటి సెప్తే అదే నిజం" అనేది పోలమ్మ. రెండు నెలలు తిరిగేసరికి మాణిక్యం ఆమెను మళ్లీ 'ఒసే' అనడం మొదలుపెట్టింది. నేను ఇంకా షావుకారు గారినే.

వరసగా కాక ఎక్కడ పడితే అక్కడ తీసి చదివేవాణ్ణి, జ్యేష్ఠమాసంలో ఒకరోజు అలా ఆ నంబరు తగిలింది. *పనసగింజలు. ఉప్పు. ఆయన జేబు.*

"ఇదేటి?" అంది మాణిక్యం.

ఆమె నాకు చెప్పిన కథ ఆమెకే చెప్పాను. వేడి గింజలు, తడిసిన చొక్కా, వీధిలో జనం. శ్రద్ధగా విని, తల అడ్డంగా తిప్పింది.

"మీరా? నాను నమ్మను. ఇంత పెద్దమనిషి జేబులో గింజలు పోసుకొస్తాడేటి?"

మర్నాడు బజారుకు వెళ్లి నేనే పనసకాయ తెచ్చాను. షెడ్డు వెనక పొయ్యి మీద పోలమ్మ చేత గింజలు ఉడికించాను. ఉప్పు దండిగా వేయించాను. వార్చకుండానే గరిటెతో తీసి తెల్ల లాల్చీ జేబులో పోసుకున్నాను. అరవై ఒక్క ఏళ్ల వయసు. ముప్ఫై మంది ఆడవాళ్లు చేటలు వదిలేసి నన్నే చూస్తున్నారు. తొడ కాలిపోతోంది. ఏమీ ఎరగనట్టు షెడ్డు దాటి, వీధి దాటి, మెట్లెక్కాను. ఉప్పునీళ్లు మోకాలి దాకా కారాయి.

మాణిక్యం టోపీ పెట్టుకుని తెర ముందు కూర్చుని ఉంది, మూడయింది కాబట్టి. నేను పక్కన కూర్చుని, నా అలవాటు ప్రకారం కుడిచేతి చూపుడువేలితో అక్షరాలు గాలిస్తూ 'వెతుకు' కొట్టాను. ఎడమచేత్తో జేబులోంచి ఒక గింజ తీసి ఆమె చేతిలో పెట్టాను.

గింజ చూసింది. లాల్చీ చూసింది. కింద నేల మీద మడుగు చూసింది. ఒకసారి ఆ నవ్వు మొదలైతే ఆగేది కాదు, అది నాకు గుర్తుంది. చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, కుర్చీ చెయ్యి పట్టుకుని, కళ్ల నీళ్లు కారేదాకా నవ్వింది.

"తొక్క తియ్యాలా వద్దా, చెప్పండి, ఓ ఒంటేలాయనా!"

ఒంటి వేలితో టైపు చేస్తానని. ఏడాదికి పైగా పక్కన కూర్చుని చూస్తోంది కదా. ఆ పిలుపు నాకు ఎవరూ పెట్టలేదు, ఏ పాత వరసలోనూ లేదు. 'ఇంటన్నారా' మళ్లీ రాలేదు, ఇంక రాదు. ఆ నష్టం నష్టమే, దాన్ని ఏ లాభంలోనూ కలిపి మాఫీ చేయను.

తెర మీద వరసలు పాకుతూనే ఉన్నాయి. నవ్వుతూ, గింజలు తింటూ, తొక్కలు నా దోసిట్లో పోస్తూ మూడు గంటలూ కూర్చుంది. దీపాలు పెట్టే వేళకు అన్నీ అయిపోయాయి. నేను లేవబోతుంటే కింద ఇంకొక్క వరస వచ్చింది. అంతకుముందు లేనిది, కొత్త నంబరుతో.

పనసగింజలు. ఉప్పు. ఒంటేలాయన జేబు.

తెరవలేదు. అలాగే చూస్తూ కూర్చున్నాను.